జబ్బుపడిన మనసు, ఎదిగే మనస్సాక్షి

తప్పు చేశామని మనసు గుచ్చుకోవడం పిల్లల్లో రెండు మూడేళ్ల వయసులోనే కనిపిస్తుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త గ్రాజినా కొచాన్‌స్కా దీన్ని దగ్గరగా పరిశీలించారు. ‘ఇది నాకు చాలా ఇష్టమైన వస్తువు, జాగ్రత్త’ అంటూ పిల్లల చేతికి ఒక వస్తువు ఇచ్చేవారు. పట్టుకోగానే ఊడిపోయేలా దాన్ని ముందే అమర్చేవారు. ఊడగానే కొందరు తల దించుకునేవారు, కొందరు ముడుచుకుపోయేవారు. తర్వాత, తప్పు వాళ్లది కాదని చెప్పి ఊరడించేవారు.

మానసిక వ్యాధి వస్తే ఈ బాధ కొందరిలో హద్దు దాటుతుంది. డిప్రెషన్ ఉన్న పిల్లల్లో కొందరు ఇంట్లో గొడవ జరిగినా, ఎవరికి జబ్బు చేసినా తమవల్లేననుకుంటారు. వద్దన్నా అవే ఆలోచనలు, పనులు పదే పదే వెంటాడే ఓసీడీలో అయితే కొందరికి చెడు ఆలోచన రావడమే చెడు పని చేసినంత పాపంగా తోస్తుంది. ‘అమ్మా, నేనేమైనా తప్పు చేశానా?’ అని అడిగిన పిల్లాడే పది నిమిషాలకు మళ్లీ అడుగుతాడు. దేవుడికి పెట్టిన దండం సరిగ్గా కుదరలేదని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. లేదులే నాన్నా అని తల్లి ఎన్నిసార్లు చెప్పినా ఆ ఊరట నిలవదు. పైగా మళ్లీ మళ్లీ అడిగే అలవాటు బలపడుతుంది. అల్లరివాడిని అందరూ గమనిస్తారు. ఇలా లోలోపల నలిగేవాడిని మాత్రం బుద్ధిమంతుడని మెచ్చుకుంటారు. అందుకే వైద్యం ఆలస్యమవుతుంది.

నిలకడ, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు తప్పొప్పులు తెలుసు. కానీ ఆలోచన కంటే ముందు చెయ్యి కదులుతుంది, ఆ తర్వాత బాధపడతారు. రోజూ తిట్లు తింటే తాము చెడ్డవాళ్లమేనని నమ్మేస్తారు.

కండక్ట్ డిజార్డర్ సంగతి వేరు. కొట్లాటలు, దొంగతనాలు, అబద్ధాలు దాని లక్షణాలు. వీరిలో కొందరికే పశ్చాత్తాపం, ఎదుటివారి బాధ పట్టించుకోవడం బాగా తక్కువ. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన వ్యాధి నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ఈ కొందరిని విడిగా గుర్తించింది. దండిస్తే దారికొస్తారన్న నమ్మకం వీరి విషయంలో అంతగా పనిచేయదు. భయస్తులైన పిల్లలకు మెత్తని మందలింపు చాలనీ, భయం తక్కువున్న పిల్లల్లో మనస్సాక్షి తల్లితో ఉన్న చనువు, ఆప్యాయతల మీదే ఆధారపడుతుందనీ కొచాన్‌స్కా పరిశోధనలు చూపాయి. తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ కూడా చికిత్సలో ముఖ్యభాగమే.

పిల్లల్లో ఇలాంటి మార్పు వారాల తరబడి కనిపిస్తే చీవాట్లతో గానీ, మొక్కులతో గానీ సరిపెట్టకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.