ఫోన్‌లో ‘ఇల్లు అమ్మబడును’ బోర్డు

ఒకప్పుడు ఇల్లు అమ్మాలంటే గేటుకి ‘ఇల్లు అమ్మబడును’ అని బోర్డు కట్టేవాళ్లు. బ్రోకరు చెవిన ఓ మాట వేస్తే సాయంత్రానికి పేటంతా తెలిసిపోయేది. ఇప్పుడా బోర్డు సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. 99 ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటి వాటిల్లో ఎవరికి వారే ప్రకటన ఇచ్చుకోవచ్చు. బాగానే ఉంది. కానీ గేటు బోర్డు చదివేది మన వీధిన పోయేవాళ్లు. దీన్ని చదివేది ఎవరో మనకేం తెలుసు?

నాన్నగారు పోయాక గుంటూరులో అమ్మ ఒక్కతే ఉంటున్న ఇంటిని అమ్మాల్సొచ్చింది. ఫోటోల దగ్గరే మొదటి పేచీ. తమ్ముడు హాలు, పడగ్గది అన్నీ టకటకా తీసేశాడు. చూద్దును కదా, గోడమీద దండ వేసిన నాన్నగారి ఫోటో, దాని కిందే ఒకే ఒక్క మంచం, బీరువాకి వేలాడుతూ తాళాలు! “వద్దురా” అన్నాను. ఇంట్లో ఒంటరిగా పెద్దావిడ ఉందని మనమే చాటింపు వేసినట్టు కాదూ?

అవన్నీ తీసి, కర్టెన్లు పక్కకి లాగి, పొద్దున తొమ్మిదింటి వెలుగులో తీస్తే అదే హాలు ఎంత విశాలంగా కనిపించిందో! వంటింటి గట్టుమీద డబ్బాలు కూడా తీసేయండి. ఇల్లు కొనడానికి మగవాళ్లు బేరమాడినా, ఆడవాళ్లు ముందు చూసేది వంటిల్లే.

ప్రకటనలో కవిత్వం అక్కర్లేదు (కథలు రాసేదాన్ని, నా చెయ్యీ ఊరుకోలేదనుకోండి!). ఎన్ని గజాలు, ఏ ముఖం, కట్టి ఎన్నేళ్లయింది, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, నీళ్లు కుళాయివా బోరువా, ఇవి చాలు. ఫ్లాటయితే స్థలంలో వాటా ఎంతో కూడా రాయాలి. గోడకి చెమ్మ ఉంటే ఫోన్‌లోనే చెప్పేస్తే, ఇంటికొచ్చి మొహం చిట్లించేవాళ్లకి కాఫీలు కలిపే పని తప్పుతుంది. డోరు నంబరు మాత్రం వేయకండి, పేట పేరు చాలు. ఆధార్, దస్తావేజుల ఫోటోలు ముక్కూమొహం తెలియనివాళ్లకి వాట్సాప్‌లో పంపొద్దు. చూడ్డానికి పగలే రమ్మనండి, ఆ సమయానికి ఇంట్లో ఇద్దరైనా ఉండాలి.

ఇక ఫోన్లు! సగం బ్రోకర్లవే. ఒకాయనైతే ఇల్లు చూడకుండానే, “నచ్చిందమ్మా, అడ్వాన్సు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి” అన్నాడు తెగ మర్యాదగా. డబ్బు మనకి రావడానికి పిన్‌తో పనేముంది? పిన్ కొడితే పోయేది మన డబ్బే. ఎవరికైనా అలా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

అడ్వాన్సుని 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచీ ఆదాయపు పన్ను నిబంధన ఉంది. అందుకని బ్యాంకు ద్వారానే రమ్మన్నాం. “అబ్బాయి ఖాతాలో వేయిస్తే పోలా, ఎవరైతేనేం!” అన్నారు బంధువులు. ఇల్లు అమ్మ పేరున ఉంది. పాస్‌బుక్కు నా చేతికిచ్చి, “నా ఖాతా నంబరే చెప్పవే” అంది అమ్మ. అదే చెప్పాను.