పిల్లికి షుగర్ పడిపోతే.. డాక్టర్ దగ్గరికి చేరేలోపు ఇంట్లో ఏం చేయాలి?

మనుషులకు వచ్చినట్టే పిల్లులకూ షుగర్ వ్యాధి వస్తుంది. వయసు పైబడినవి, బరువు బాగా పెరిగినవి దీని బారిన ఎక్కువగా పడతాయి. చాలా పిల్లులకు డాక్టర్లు రోజుకు రెండుసార్లు, 12 గంటల తేడాతో ఇన్సులిన్ వేయమంటారు. ఒక పూట ఇన్సులిన్ తప్పితే షుగర్ పెరుగుతుంది కానీ సాధారణంగా అప్పటికప్పుడు ప్రాణం మీదికి రాదు. అదే ఎక్కువ వేసి షుగర్ పడిపోతే మాత్రం కొద్దిసేపట్లోనే పిల్లి చనిపోయే ప్రమాదం ఉంది.

ఎలా గుర్తుపట్టాలి?

నీరసంగా పడుకోవడం, నడుస్తుంటే తూలడం, వణకడం, ఒక్కసారిగా విపరీతమైన ఆకలి, పిలిచినా పట్టించుకోకుండా ఎటో చూస్తూ ఉండిపోవడం మొదటి లక్షణాలు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, స్పృహ పోతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి చూడొచ్చు. 60 కంటే తక్కువ వస్తే లక్షణాలు లేకపోయినా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. లక్షణాలు కనిపిస్తుంటే మాత్రం మీటర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

వెంటనే చేయాల్సినవి

పిల్లి మెలకువగా ఉండి తినగలిగితే రోజూ తినే తిండే ముందు పెట్టాలి. తినకపోతే, లేదా బాగా నీరసించిపోతే, ఒక చెంచా తేనె గానీ, చిక్కగా కలిపిన గ్లూకోజ్ గానీ తీసుకుని వేలితో కొద్దికొద్దిగా చిగుళ్లకు రాయాలి. షుగర్ ఫ్రీ మాత్రలు, పొడులు దీనికి పనికిరావు.

స్పృహ లేని పిల్లి నోట్లో నీళ్లు, పాలు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోతాయి. ఫిట్స్ వస్తున్నప్పుడు నోట్లో వేలు పెడితే కరుస్తుంది. అలాంటప్పుడు పెదవి పక్కన పైపైన తేనె రాసి, తువ్వాలులో చుట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తేనె రాయగానే లేచి తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు. తీపి ప్రభావం కాసేపే ఉంటుంది. ఒంట్లో ఇన్సులిన్ మాత్రం గంటల తరబడి పని చేస్తూనే ఉంటుంది. అందుకే కోలుకున్న వెంటనే తిండి పెట్టి డాక్టర్‌కు చూపించాలి. ఆయన చెప్పేదాకా తర్వాతి డోసు వేయొద్దు.

అసలు ఎందుకు పడిపోతుంది?

తిండి తినకపోయినా, వాంతి చేసుకున్నా మామూలు డోసే వేసేయడం ఒక కారణం. పొద్దున అమ్మ వేసిన సంగతి తెలియక కొడుకు మళ్లీ వేయడం ఇంకో కారణం. వైద్యం మొదలయ్యాక కొన్ని పిల్లులకు షుగర్ దానంతటదే అదుపులోకి వచ్చి, పాత డోసు ఎక్కువైపోతుంది కూడా.

సిరంజి మారిపోవడం మరో పెద్ద పొరపాటు. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40 వాటికి, నారింజ రంగు మూతది 100 వాటికి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 2 గీతల దాకా తీస్తే పిల్లి ఒంట్లోకి వెళ్లేది 2 యూనిట్లు కాదు, 5 యూనిట్లు. మొదట్లో పూటకు ఒకటో రెండో యూనిట్లు మాత్రమే వేసే ప్రాణికి ఇది చాలా ఎక్కువ. ఇంట్లో నానాకో దాదీకో కూడా ఇన్సులిన్ ఉంటే రెండు సిరంజిలూ ఒకే డబ్బాలో కలిసిపోతాయి. పిల్లివి వేరుగా పెట్టుకోవాలి.

రంజాన్‌లో జాగ్రత్త

రంజాన్ నెలలో ఇంటి వేళలన్నీ మారతాయి. సహెరీకి ఒక సూది, ఇఫ్తార్‌కు ఒక సూది అని పిల్లి వేళలు మార్చొద్దు. ఆ రెండింటి మధ్య సరిగ్గా 12 గంటలు ఉండవు. పాత టైమ్‌కే తిండి, పాత టైమ్‌కే సూది.

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, ఎవరు ఎన్ని గంటలకు ఎన్ని యూనిట్లు వేశారో రాసుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూటకు మానేయడమే మంచిది.