మూలనపడిన గడ్డికోత బండిని తిరిగి నడిపించే ముందు

బెంగళూరు నివాస సముదాయాలలో విశాలమైన పచ్చికల కోసం కొన్న, కూర్చుని నడిపే గడ్డికోత బండ్లు కొన్ని ఏళ్ల తరబడి కదలక మూలనపడి ఉంటాయి. అటువంటి బండిని పాత ఇనుముకు అమ్మివేయడానికి ముందు ఒకసారి క్రమంగా పరీక్షించడం మేలు. చాలా సందర్భాలలో చెడిపోయేది ఇంజను కాదు. పాతబడిన పెట్రోలు, నీరసించిన బ్యాటరీ.

మొదట తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీయాలి. అంతవరకు బ్లేడు దగ్గర చేయి పెట్టరాదు. ఇంజను రెక్కల నడుమ ఎలుకలు గూడు కట్టి ఉంటే చేతితొడుగులు ధరించి తొలగించాలి. గూడు అలాగే ఉంటే ఇంజను వేడెక్కి, నిప్పు అంటుకొనే ప్రమాదం ఉంది.

12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు తగ్గితే ఛార్జి చేయాలి. ఛార్జి చేసినా నిలవకపోతే మార్చాలి.

నిలవ పెట్రోలులో తేలిక భాగం ఆవిరై, మిగిలినది జిగురుగా మారి కార్బురేటర్ సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. అందులో కలిసిన ఇథనాల్ తేమను పీల్చుకొంటుంది. కనుక ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, నిప్పుకు దూరంగా ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాలి. ఇంజను ఆయిల్, స్పార్క్ ప్లగ్గు, గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు కూడా మార్చాలి.

తాళం తిప్పినప్పుడు టక్కుమనే శబ్దం మాత్రమే వస్తే బ్యాటరీని, దాని తీగల బిగింపును చూడాలి. ఇంజను తిరిగినా అంటుకోకపోతే లోపం పెట్రోలులోనో, నిప్పురవ్వలోనో ఉంటుంది. అంటుకొని వెంటనే ఆగిపోతే కార్బురేటర్‌ను శుభ్రపరచాలి.

సీటులో మనిషి లేనప్పుడు ఇంజనును ఆపే స్విచ్చు ఒకటి ఉంటుంది. అది మొరాయిస్తే తీగలు కలిపివేసి పని కానిచ్చే అలవాటు కొందరిలో ఉంది. తోటమాలి జారిపడినప్పుడు బ్లేడును ఆపేది ఆ స్విచ్చే. దానిని మార్పించాలే తప్ప తప్పించరాదు. భూగర్భ పార్కింగులో ఇంజనును నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

తీసిన పెట్రోలును, ఆయిల్‌ను వాననీటి కాలువలో పోయకండి. మన రాజకాలువెలు చెరువులకు చేరతాయి. వాడిన ఆయిల్‌ను అనుమతి పొందిన సేకరణదారుకు, పాత బ్యాటరీని అమ్మకందారుకు అప్పగించండి.