వార్సా గోడల నడుమ టైఫస్ జ్వరము



యుద్ధము వెంట వ్యాధియు వచ్చునని మన పెద్దలెఱుగుదురు. చరకుడు జనపదోద్ధ్వంసమును గూర్చి చెప్పుచు వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగింటి వైకృత్యమును కారణముగ పేర్కొనెను. నేడు నేను చెప్పబోవు వ్యాధి మాత్రము కట్టుబట్టల కుట్టు మడతలలో దాగియుండును. అది టైఫస్. పేరు పోలినను మనమెఱిగిన టైఫాయిడు వేఱు, ఇది వేఱు. దీనిని వ్యాపింపజేయునది బట్టలలోని పేను అని 1909లో ట్యూనిస్ నగరమున షార్ల్ నికోల్ కనిపెట్టెను. పేను మలమునందలి సూక్ష్మజీవి, మనము గోకుకొనిన గీతల గుండ దేహములోనికి జొచ్చును. జ్వరతప్తమైన దేహమును గాని, చల్లబడిన శవమును గాని పేను విడిచి ప్రక్కవానిని ఆశ్రయించును. కావున ఒకే గదిలో పదిమంది పండుకొనుచోట దానికి పండుగయే.

1940 నవంబరులో జర్మనులు పోలండు రాజధాని వార్సాలో యూదుల పేటను గోడతో మూసివేసిరి. 4 లక్షలకు మించిన జనము 3.4 చదరపు కిలోమీటర్లలో ఇఱికింపబడెను. అది అంటువ్యాధి ప్రదేశమనియు, వ్యాధిని అడ్డుటకే గోడయనియు చాటిరి. ఇంతకంటె తలక్రిందులైన వాదమును నేనెఱుగను. ఆ గోడయే వ్యాధిని పెంచినది. సబ్బు లేదు, నీరు కాచుటకు బొగ్గు లేదు. అధికారులిచ్చు తిండి మనిషికి రోజునకు 200 కెలరీలైనను లేదు. పిల్లలు గోడసందుల గుండ రహస్యముగ తెచ్చిన రొట్టెలే పెక్కిండ్ల ప్రాణము నిలిపినవి.

ఒక యింట ఒక రోగి కనబడెనా, పైవారి ఆజ్ఞచే భవనమంతయు మూసి, అందఱిని స్నానశాలలకు తోలి, చలిలో గంటల తరబడి నిలిపి, బట్టలను ఆవిరిలో పాడుచేసిరి. శుద్ధి చేయవచ్చిన దళములు లంచములు గొనిరి, దొంగిలించిరి. డబ్బుగలవాడు తప్పించుకొనెను. జనులు రోగులను దాచిరి. బెత్తమునకు వెఱచిన పిల్లవాడు తప్పు మానడు, దాచునని బడిలో నేను చూచినదే. దాచిన రోగి పక్కనుండి పేలు నలుదెసల ప్రాకెను.

పేటలోని వైద్యులీ సంగతి గ్రహించిరి. వారిలో ముఖ్యుడు లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్; రక్తవర్గములు తలిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునని 1910లో ఫన్ డుంగెర్న్‌తో కలసి చూపినవాడు. ఆయన ఆరోగ్యమండలి పనులు చూచుచు ఉపన్యాసములిచ్చెను. యూలియుష్ ట్స్వైబౌమ్ 1941లో అంటువ్యాధి నివారణ తరగతులని అనుమతి పొంది, ఆ ముసుగున వైద్యవిద్యయే గఱపించెను. ఇంటింటి సంఘములు శుభ్రతను, ఉచిత వంటశాలలను చూచుకొనెను.

1941 అక్టోబరు చివర, చలి ముదిరి జ్వరము విజృంభింపవలసిన వేళ, అది తగ్గసాగెను. 2020లో లెవీ స్టోన్ మొదలగు పరిశోధకులు నాటి లెక్కలను గణితముతో పరీక్షించి, సోకదగినవారింకను పెక్కుమంది యుండగనే వ్యాధి తగ్గినదనియు, ప్రజల శ్రమయే దానికి కారణమై యుండుననియు తేల్చిరి.

1942 జులై 22 మొదలు సెప్టెంబరు వఱకు ఆ పేటనుండి రెండున్నర లక్షలకు మించిన జనమును రైళ్లలో ట్రెబ్లింకాకు తరలించి చంపిరి. జ్వరమును గెలిచినవారును వారిలో నుండిరి. హిర్ష్‌ఫెల్డ్ తప్పించుకొని బ్రతికి, 1946లో తన జీవితకథను ప్రకటించెను.