సున్నా నొక్కిన తరువాత

బరంపురం చెంతనున్న హల్దియాపదర్‌లో ఒక ఆఫీసు ఉన్నదనుకుందాం. ఇరవై బల్లలు, ఇరవై ఫోనులు. బయటికి పోయే లైనులు మాత్రం నాలుగే. గుమాస్తా మేనేజరుగారి గదికి రెండంకెలు నొక్కితే వెంటనే మోగుతుంది. ఊళ్ళోని బట్టల కొట్టుకు చేస్తే అదీ కలుస్తుంది. ఇచ్ఛాపురంలో ఉన్న మేనమామగారికి చేయబోతే మాత్రం ఫోను మొరాయిస్తుంది. పక్క బల్ల మీది హెడ్ గుమాస్తాగారి ఫోనులో అదే నంబరు హాయిగా పలుకుతుంది. ఫోనులు రెండూ ఒకే రకం. తీగలు రెండూ ఒకే పెట్టెలోకి పోతాయి. మరి ఈ పక్షపాతం ఎవరిది?

ఆ పెట్టెదే. దాన్ని ఇ.పి.ఎ.బి.ఎక్స్. అంటారు.

తాళంకప్ప నాటి కథ

వెనుకటి రోజుల్లో ఈ పని మనిషి చేసేవాడు. స్విచ్ బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరును అడగనిదే లైను దొరికేది కాదు. పై ఊరికి ట్రంక్ కాల్ బుక్ చేసి, ఆర్డినరీయో, అర్జెంటో, లైట్నింగో చెప్పుకుని, గంటల తరబడి కాచుకొని కూర్చోవలసిందే. ఎవరు ఎక్కడికి మాట్లాడారో ఆపరేటరుకు తెలియకుండా ఉండేది కాదు.

మనిషి లేకుండా లైను కలిపే యంత్రానికి 1891లో పేటెంటు పొందిన స్ట్రోజర్ అనే అమెరికను, వృత్తిరీత్యా అంత్యక్రియల ఏర్పాట్లు చేసేవాడు. ఆపరేటరు తన బేరాలను పోటీవాడికి మళ్ళిస్తున్నదన్న అనుమానమే అతణ్ణి ఈ పనికి పురికొల్పిందని చెబుతారు. మన దేశంలో 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఎస్.టి.డి. మొదలైంది. ఆపరేటరు అడ్డు తొలగింది. దానితోపాటు ఖర్చుకు అదుపూ తొలగింది. అప్పుడే డయలు రంధ్రంలో చిన్న తాళంకప్ప వెలసింది. అయినా గడుసు కుర్రవాళ్ళు ఊరుకున్నారా? డయలు చేసే పనల్లా లైనును అంకెకు తగినన్ని మార్లు తెంపి కలపడమే. రిసీవరు పెట్టే మీటను అదే లెక్కన టకటక కొడితే తాళం ఉన్నా నంబరు పోయేది!

పెట్టె చూసేది అంకెలనే

నేటి పెట్టెను ఆ విధంగా మోసగించడం కుదరదు. మనం నొక్కిన ప్రతి అంకెనూ అది ముందు తన దగ్గర ఉంచుకుంటుంది. తరువాత రెండు పట్టికలు చూస్తుంది. మొదటిది ఈ బల్ల ఏ తరగతిదో చెబుతుంది: ఆఫీసులోపలికేనా, ఊళ్ళోకా, పై ఊళ్ళకా, విదేశాలకా? రెండవది ఏ అంకెలతో మొదలయ్యే నంబరును ఏ లైనుమీద పంపాలో చెబుతుంది. ల్యాండులైను, మొబైలు సిమ్ము, ఇంటర్నెట్టు మూడూ ఉన్నచోట చవకైన దారిని తానే ఎంచుకుంటుంది. ఆ దారి ఖాళీ లేకపోతే రెండవ దారి పట్టిస్తుంది.

అయితే యంత్రానికి దూరాభారాలు తెలియవు, మేనమామ వరస తెలియదు. ఇచ్ఛాపురం కూతవేటు దూరమే కావచ్చు. కాని ముందు సున్నా ఉన్నది గనుక పై ఊరే!

ఈ సున్నా 2021లో మరో చిక్కు తెచ్చింది. ఆ జనవరి 15 నుంచి ల్యాండులైను మీద ఏ మొబైలుకు చేయాలన్నా ముందు సున్నా తప్పనిసరి అయింది. సున్నాకు అడ్డుకట్ట వేసి ఉన్న పెట్టెలో పట్టిక సవరించకపోతే ఊళ్ళోని మొబైలు కూడా పలకదు. పోనీ, రెండవ అంకె చూసి తేల్చుదామంటే, సున్నా తరువాత 6 వస్తే అది భువనేశ్వరమూ (0674) కావచ్చు, 6తో మొదలయ్యే మొబైలూ కావచ్చు. ఇంకా కొన్ని అంకెలు చూస్తేగాని తేలదు.

ప్రాణం మీదికి వస్తే

డబ్బు మాట అలా ఉంచండి. 2013 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక హోటలు గదిలో ఒక తల్లి హత్యకు గురైంది. తొమ్మిదేళ్ళ కూతురు తనకు నేర్పినట్టే 911 నొక్కింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కాల్ పోలేదు. బయటి లైనుకు ముందు మరొక 9 నొక్కాలని ఆ పసిదానికి ఎలా తెలుస్తుంది? ఆ తల్లి పేరనే 2018లో అక్కడ ‘కారీ చట్టం’ వచ్చింది. కొత్తగా పెట్టే ఇలాంటి ఫోనులు ఏ ముందంకె లేకుండానే అత్యవసర నంబరును కలపాలని దాని సారాంశం.

ఇది మనకు దూరపు కథ కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్పూరు దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది. అలాంటి రాత్రి కరెంటు పోతే బ్యాటరీ ఉన్నంతసేపే పెట్టె పలుకుతుంది. అందుకే కొన్ని పెట్టెల్లో ఒక ఏర్పాటు ఉంటుంది: కరెంటు పోగానే నిర్ణయించిన ఒక ఫోను నేరుగా బయటి లైనుకు తగులుకుంటుంది. అది ఏ బల్ల మీది ఫోనో కాపలావాడికి తెలియకపోతే ప్రయోజనమేమిటి?

కనుక ఆఫీసుల్లో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్ళకు ఒక మనవి. రేపు బల్ల దగ్గర కూర్చోగానే ఫోనులు చూసే మనిషిని మూడు మాటలు అడగండి: నా ఫోనునుంచి 112 పోతుందా? పోతే ముందు సున్నా కావాలా? కరెంటు పోతే ఏ ఫోను పలుకుతుంది? జవాబును ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఫోనుకు అంటించండి. తాళం వేయడం తప్పు కాదు. ఆపదలో తెరుచుకోని తాళమే తప్పు.