ఏడడుగుల మైత్రి – హేమాచల యాత్ర

ఏడడుగులు కలిసి నడిస్తే మైత్రి స్థిరపడుతుందని పెద్దల మాట. దాని అంతరార్థం నాకు ములుగు జిల్లా మంగపేట మండలంలోని మల్లూరు హేమాచలంపై బోధపడింది. ఒకనాటి ఉదయం బాల్యమిత్రునితో కలిసి కొండ ఎక్కుతున్నాను. లక్ష్మీనరసింహస్వామి దర్శనాతురతతో నేను ముందుకు సాగిపోయాను. మోకాళ్ల నొప్పితో అతడు మెట్లపైనే కూర్చుండిపోయాడు. వెనుదిరిగి చూస్తే గానీ నా తొందరలోని స్వార్థం తెలియలేదు. దిగివచ్చి, అతని చేయి పట్టుకొని, అతని నడకతోనే నడిచాను.

ఇక్కడి స్వయంభూమూర్తి దేహం మానవదేహం వలె మెత్తనిదని భక్తుల విశ్వాసం. స్వామి నాభిచందనాన్ని ప్రసాదంగా స్వీకరిస్తారు. ఉగ్రమూర్తిగా పేరొందిన స్వామియే మెత్తనివాడైన చోట మన మనస్సు కఠినం కాదగునా? చింతామణి జలధార వద్ద ఇద్దరమూ దోసిళ్లతో తీర్థం గ్రహించాము.

భక్తులారా! మీరూ హేమాచలాన్ని దర్శించండి. వెంట వచ్చినవారు వెనుకబడితే ఆగండి. ఆ ఆగడమూ స్వామి సేవయే.