నల్లపొగ, ఒక రబ్బరు గొట్టం

ఘజియాబాద్ ఇందిరాపురంలోని కాలా పత్థర్ రోడ్డు మీద ట్రాఫిక్ కదిలింది కదా అని యాక్సిలరేటర్ తొక్కాను. వెనక స్కూటర్ మీదున్న పెద్దాయన దగ్గుకుంటూ పక్కకొచ్చి, అద్దం మీద తట్టి, "అంకుల్‌జీ, ఇంజన్ దిఖాయియే" అన్నాడు, అంటే ఇంజిన్ చూపించుకోమని. నాకంటే పెద్దవాడు నన్ను అంకుల్ అనడం ఒక బాధ. అద్దంలో చూసుకుంటే వెనక రోడ్డంతా నల్లటి తెర. అది ఇంకో బాధ.

మాది 2016 నాటి, బీఎస్-4 కాలుష్య ప్రమాణాల డీజిల్ కారు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు కూడా. మొదట వెళ్లిన వర్క్‌షాపులో బానెట్ ఎత్తకముందే "నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు విన్నాక, బండి అమ్మితే ఎంతొస్తుందో లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాను.

డీజిల్ ఇంజిన్‌కి పుట్టినప్పటి నుంచీ ఒకటే తంటా: నూనెకు గాలి అందించడం. పెట్రోల్ బండిలో నిప్పు పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్‌కి అది లేదు. సిలిండర్‌లో గాలిని పదహారో వంతుకో పదిహేడో వంతుకో నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ కాకలోకి ఇంజెక్టర్ డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అయితే ప్రతి తుంపరకూ పక్కనే గాలి దొరకాలి, అదీ సెకనులో కొన్ని వేల వంతుల వ్యవధిలో. దొరకని తుంపర మాడి మసి అవుతుంది. కట్టెలు కుక్కేసిన పొయ్యి గది నిండా పొగ చిమ్ముతుంటే మా అమ్మమ్మ ఊదుగొట్టం అందుకునేది. ఇదీ అంతే.

ఈ ఇంజిన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ కూడా ఊదుగొట్టమే వాడాడు. 1893లో పేటెంటు వచ్చింది. నాలుగేళ్లు కుస్తీ పడ్డాక, 1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మనిషికి దాదాపు రెండింతల ఎత్తున్న ఇంజిన్‌ని పరీక్షకు నిలబెట్టాడు. ఇంధనంలోని శక్తిలో 26 శాతం పైగా పనిగా మార్చింది అది. అప్పటి ఆవిరి యంత్రాల్లో చాలావరకు అందులో సగం కూడా చేయలేకపోయేవి. కాకపోతే నూనెను లోపలికి చిమ్మడానికి విడిగా గాలి కంప్రెసర్ కావాలి. ఆ బరువుతో ఓడల్లో, కార్ఖానాల్లో తప్ప రోడ్డు మీద తిరగడం కష్టం. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ నూనెను నేరుగా పిచికారీ చేసే పంపును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక కంప్రెసర్ పీడ వదిలింది. 1936లో మెర్సిడెస్ 260 డీ అనే కారు వచ్చింది, దాన్ని ఎక్కువగా టాక్సీలుగా నడిపారు. 1997లో ఆల్ఫా రోమియో 156తో అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందించే కామన్ రైల్ పద్ధతి కార్లలోకి వచ్చింది. ఈ తరం ఇంజిన్లలో డీజిల్ 1600 బార్ దాకా ఒత్తిడితో వెంట్రుకంత సన్నటి రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. కారు టైరులో ఉండేది రెండుంపావు బార్, పోల్చుకోండి. గాలి ఊదే పని టర్బోది.

మన దేశంలో ఈ తరం ఇంజిన్ అంటే ఫియట్ 1.3 మల్టీజెట్టే. 1248 సీసీ ఉండే ఆ ఒక్క ఇంజిన్ స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో, పుంటోలో గుండెగా పనిచేసి 'జాతీయ ఇంజిన్' అనిపించుకుంది. 2020లో బీఎస్-6 నిబంధనలతో ఇక్కడ దాని కథ ముగిసింది.

మా బండి సంగతికొస్తే, వైశాలి వైపు ఒక పాత మిస్త్రీ ఉన్నాడని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పాడు. లారీల కాలం మనిషి. కారు స్టార్ట్ చేయమని, సైలెన్సర్ మూతి దగ్గర తెల్ల గుడ్డ పట్టుకున్నాడు. గుడ్డ మీద పొడి మసి పడింది, జిడ్డు లేదు. "నీలం కాదు బాబూజీ" అన్నాడు. నీలిపొగ అయితే ఇంజిన్ ఆయిల్ తింటున్నట్టు: రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బో సీలో అరిగి ఉంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గలేదు కూడా. తెల్లపొగ అయితే కాలని డీజిలో, హెడ్ గాస్కెట్ పోయి లోపలికి జారుతున్న కూలెంటో అయి ఉండాలి. చలి పొద్దున కూడా మా బండి ఒక్క తాళానికే స్టార్టవుతోంది, కూలెంట్ గీత దగ్గరే ఉంది. ఇక మిగిలింది నలుపు, అంటే నూనె ఎక్కువైనా అవ్వాలి, గాలి తక్కువైనా అవ్వాలి.

ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకి తిరిగెళ్లే సన్న పైపుల్ని తీసి, నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజిన్ నడిపాడు. నాలుగింట్లోనూ డీజిల్ దాదాపు ఒకే మట్టానికి వచ్చింది, అంటే ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయి. సీసాలు చూపించి నవ్వాడే తప్ప మొదటి వర్క్‌షాపు గురించి ఒక్క మాట అనలేదు. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే. పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ విప్పి చూశాడు, మసి ఉన్నా సరిగ్గానే మూసుకుంటోంది. తర్వాత చెయ్యి లోపలికి పోనిచ్చి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని అడుగు నుంచి తడిమాడు. బయటికొచ్చిన వేళ్లు నల్లగా, తడిగా ఉన్నాయి. గొట్టం ఊడదీసి వంచితే, క్లిప్పు పక్కన బొటనవేలంత చీలిక పెదవుల్లా తెరుచుకుంది. వదిలేస్తే మూసుకుపోయింది. ఎక్కడా ఏమీ లేనట్టే ఉంది! టర్బో గట్టిగా ఊదినప్పుడు మాత్రమే తెరుచుకునే చీలిక అది.

పొగ ఎందుకొస్తుందో అప్పుడర్థమైంది. లోపలికొచ్చే గాలిని ఫిల్టర్ పక్కనున్న సెన్సార్ లెక్కపెడుతుంది. పెళ్లిలో గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టి వంటవాడికి చెప్పినట్టు, కంప్యూటర్ ఆ లెక్క ప్రకారమే డీజిల్ వడ్డిస్తుంది. లెక్కలో ఉన్న గాలి సగం దారిలో ప్రహరీ గోడ దూకి పారిపోతే? వడ్డించిన డీజిల్ మిగిలి మాడుతుంది.

గొట్టం మార్చాక పొల్యూషన్ సెంటర్‌కి వెళ్లాం. సైలెన్సర్‌లో గొట్టం దూర్చి, యాక్సిలరేటర్‌ని అడుగంటా చాలాసార్లు తొక్కించారు. బీఎస్-4 డీజిల్‌కి పొగ పరిమితి మీటరుకి 1.62. మా బండి తేలిగ్గా గట్టెక్కింది.

అయితే ఇక్కడ చాలాకాలం పొగ కంటే వయసు లెక్కే బలంగా నడిచింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలు కలిసిన ఎన్సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత వాదనలూ సడలింపులూ నడుస్తూనే ఉన్నాయి. ఐదేళ్ల బండి కూడా చిరిగిన గొట్టంతో ఊరిని మసి చేయగలదు కాబట్టి నాకు ఆ లెక్క మీద పూర్తిగా గురి లేదు. అలాగని నవంబరులో మా బాల్కనీలోంచి ఎదురు టవర్ కనిపించని రోజున గట్టిగా వాదించనూ లేను.

గాలి మరీ పాడై మూడో దశ కాలుష్య ఆంక్షలు పెడితే, బీఎస్-4 డీజిల్ కార్లు మా ఘజియాబాద్ జిల్లాలో రోడ్డెక్కకూడదు. అలాంటి రోజుల్లో కారు బేస్‌మెంట్‌లో కవరు కప్పుకుని పడుకుంటుంది. బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి స్టార్ట్ చేయమన్నాడు మిస్త్రీ. చేస్తుంటాను. ఆ చప్పుడు వినగానే వాచ్‌మన్ వచ్చి, నా మొహం కూడా చూడకుండా, తిన్నగా సైలెన్సర్ దగ్గరికెళ్లి వంగి చూసి పోతాడు.